ముందు లైను చూడు, తర్వాతే మనిషిని అడుగు

కావలి

అమ్మడూ,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. సాయంత్రం ఏడయ్యేసరికి ఆఫీసు మీటింగులో నీ మాట తెగిపోతోందనీ, మీ మరిది కంప్యూటర్ ఆపిన రోజు అంతా బాగుంటోందనీ చెప్పావు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ పెట్టుకుని కూడా ఈ టెన్షన్ ఏమిటని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆ అబ్బాయిని ఇప్పుడే ఏమీ అనకు. అత్తగారింట్లో "నీ వల్లే" అని ఒక్క మాట అనేస్తే, తప్పు అతనిది కాదని రేపు తేలినా దాన్ని వెనక్కి తీసుకోలేవు. నాకిది తగిలిన దెబ్బే. రెండేళ్ల కిందట మా ఇంట్లో నెట్ ఇలాగే ఈడ్చుకుంటుంటే, గేములాడుతున్నాడని మనవణ్ణి వారం పాటు కేకలేశాను. తీరా చూస్తే ముందు గదిలో నా పాత డెస్క్‌టాప్ మీ అక్క పెళ్లి వీడియోలన్నీ ఆన్‌లైన్‌లో దాస్తోంది. ఆ బ్యాకప్ పెట్టింది నేనే. ఆన్‌లైన్ గేమ్ ఆడటానికి పట్టే డేటా చాలా తక్కువ. పెద్ద గేమ్‌ను దించుకునేటప్పుడే 50 జీబీ, 100 జీబీ లాగుతుంది. ఇదంతా తెలిసిన నేనే చూడకుండా వాణ్ణి తిట్టాను. ఆ బాధ ఇంకా పోలేదు.

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మీ తాతయ్య పొలం కనిగిరి రిజర్వాయర్ కాలవ కింద చిట్టచివర ఉండేది. నీళ్లు రాని రాత్రి ఆయన ఎవరింటి మీదకీ పోలేదు. లాంతరు పట్టుకుని గట్టు వెంబడి పైకి నడిచి, మడవ ఎక్కడ తెగిందో కళ్లతో చూశాకే మాట్లాడేవాడు. నువ్వూ అలాగే చెయ్యి.

మొదట నీ లాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలుపు. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తుంది. అందులో ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8, మళ్లీ ఖాళీ వదిలి అడ్డగీత, దాని పక్కనే టి కొట్టి ఎంటర్ నొక్కు. వరసగా లైన్లు పడుతుంటాయి. వాటిలో టైమ్ అన్న అంకె చూడు, జవాబు తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చెబుతుంది. ఇంట్లో ఎవరూ ఏమీ చేయనప్పుడు అది 10, 20, 30 దగ్గర తిరుగుతుంది. మరిది కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికి అది 400, 700 అయిందంటే నీ లైను నిండిపోయిందని అర్థం. అంకె కదలకుండా తీగ మీద బాగుండి, వైఫైకి మారగానే చెడిపోతే తప్పు లైనుది కాదు, గాలిది. ఈ తేడా తేలకుండా ముందుకు పోకు.

లైను నిండటం అంటే అందరూ డౌన్‌లోడ్ అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు ముంచేది అప్‌లోడ్. ఒక వీడియో మనకు దిగుతున్నా, "అందింది, తర్వాతిది పంపు" అని మన వైపు నుంచి చిన్న చిన్న జవాబులు పోతూనే ఉండాలి. ఒక కంప్యూటర్ పైకి పోయే దారంతా ఆక్రమిస్తే ఆ జవాబులు రౌటర్‌లో క్యూ కడతాయి. దాంతో దిగే వేగమూ పడిపోతుంది, మీటింగులో నీ గొంతు ముక్కలవుతుంది. కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కన్నా చాలా తక్కువ ఉంటుంది. నీది ఎంతో స్పీడ్ టెస్ట్‌లో రెండూ చూసి కాగితం మీద రాసుకో.

నేను నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో నా పద్ధతి ఇదే. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అని 2004లో ప్రభుత్వం ఖాయం చేసింది. ట్రంకు రోడ్డు పక్కన ఆ పాటి లైను మీదే 8 సిస్టమ్‌లు నడిపాను. ఎంసెట్ రిజల్ట్స్ రోజు పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని గుమ్మం దాకా నిలబడితే, ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. అప్పుడు టేబుల్ కిందకు వంగి, సిస్టమ్‌ల తీగలన్నీ కలిసే హబ్ అనే పెట్టె చూసేవాణ్ణి. ఏడు లైట్లు ఆగి ఆగి వెలుగుతుంటే ఒకటి మాత్రం క్షణం ఆగకుండా మిణుకుమిణుకుమనేది. ఆ తీగ పీకితే రిజల్ట్ వచ్చేసేది.

ఇప్పుడు మరిది దగ్గరకు పో. "బాబూ, నెట్ ఎక్కడ పోతోందో కాస్త చూసి పెట్టవా" అని అడుగు. బీటెక్ కుర్రాడు, సాయం అడిగితే ఉత్సాహంగా చేస్తాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అన్న గడి మీద క్లిక్ చేస్తే, ఎక్కువ వాడే ప్రోగ్రామ్ పైకి వస్తుంది. పంపుతోందా, తెచ్చుకుంటోందా అన్నది రిసోర్స్ మానిటర్‌లో విడివిడిగా ఉంటుంది. అక్కడ ఎంబీపీఎస్, బ్రౌజర్ డౌన్‌లోడ్‌లో ఎంబీ కనిపిస్తే కంగారు పడకండి. మొదటిది సెకనుకు మెగాబిట్లు, రెండోది మెగాబైట్లు, మధ్యలో 8 రెట్ల తేడా. మీ 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ.

నా అంచనా ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్. కాలేజీ నుంచి వచ్చి సిస్టమ్ ఆన్ చేయగానే మిగిలిన ఫైళ్లు ఎక్కించడం మొదలుపెడుతుంది, అందుకే ఏడింటికి. సినిమాలు దించుకునే టొరెంట్ ప్రోగ్రామ్ ఉంటే సినిమా దిగిపోయినా ఊరివాళ్లందరికీ పంచుతూ కూర్చుంటుంది. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా చూడండి, బయటి కంప్యూటర్లకు పంచడం ఆన్‌లో ఉంటే ఆపేయండి. పేరు తెలియని ప్రోగ్రామ్ పగలూ రాత్రీ పంపుతూనే ఉంటే మాత్రం తీగ పీకి వైరస్ స్కాన్ చేయాల్సిందే.

దొరికిన దాన్ని తీసేయక్కర్లేదు. అతని ఫైళ్లకు బ్యాకప్ కావాలి కదా. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ రెండిటి సెట్టింగ్స్‌లోనూ అప్‌లోడ్‌కు హద్దు పెట్టుకోవచ్చు. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే దానికి 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 250 కేబీ ఇవ్వండి, మిగతాది రాత్రి పడుకున్నాక ఎక్కుతుంది. రౌటర్ పేజీలో క్యూఓఎస్ అని, వేగాన్ని అందరికీ పంచే సెట్టింగ్ ఉంటే మొత్తం వేగాన్ని నువ్వు కొలిచిన దానికన్నా కాస్త తక్కువగా, నూటికి తొంభై దగ్గర కట్టెయ్. ఆ పేజీ అడ్రసు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, తరచుగా 192.168.1.1. అక్కడ రౌటర్‌కు కలిసిన ఫోన్లు, కంప్యూటర్ల జాబితాలో తెలియని పేరు కనబడితే పక్కింటివాళ్లను అనుమానించకు. ఈ కాలపు ఫోన్లు మారు అడ్రసుతో కలుస్తాయి. ఇంట్లో ఫోన్లు లెక్కపెట్టాక కూడా ఒకటి మిగిలితే పాస్‌వర్డ్ మార్చు.

తప్పు గాలిది అని తేలితే వేరే కథ. అతని గది వెనకాల, మధ్యలో రెండు పాతకాలపు గోడలు. సిగ్నల్ అందని కంప్యూటర్ మెల్లగా మాట్లాడుతుంది, అది మాట్లాడినంతసేపూ అదే ఛానల్‌లో మిగతావాళ్లు ఆగాలి. దానికి ప్లాన్ పెంచినా డబ్బు దండగే, తీగ లాగాలి. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున బండికి ఒంగోలు వస్తున్నాను. హాల్లో రౌటర్ నుంచి వెనక గది టేబుల్ దాకా గోడ వెంబడి టేపుతో కొలిచి శనివారంలోగా చెప్పు. తీగ, క్లిప్పులు ఇక్కడే కొనుక్కొస్తాను. కన్నం వేయడానికి మీ మామగారి అనుమతి మాత్రం నువ్వే అడగాలి.

మీ పెదనాన్న