ఎదురు ప్రశ్న వేయని చదువరి కోసం

చిరంజీవి తమ్ముడికి,

ఏఐ ఏజెంట్ (అడిగిన పని కోసం టూల్స్‌ను, అంటే చిన్న ప్రోగ్రాంలను, తానే పిలిచి వాడుకునే మోడల్) కోసం నువ్వు రాసి పంపిన పన్నెండు టూల్ వివరణలూ చదివాను. భాషలో తప్పుల్లేవు. కానీ మొదటిదే చూడు: "ఆర్డర్ల డేటాబేస్‌లో వెతకడానికి ఉపయోగపడే శక్తిమంతమైన టూల్." టూల్ పేరే సెర్చ్ ఆర్డర్స్ అయినప్పుడు ఈ వాక్యం అదనంగా చెప్పిందేమిటి? "శక్తిమంతమైన" అన్న మాటతో ఏజెంట్‌కు పని లేదు, కొట్టేయ్.

2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలోనైనా, మరో పద్ధతిలోనైనా మోడల్ ముఖ్యంగా మూడింటిని చూసి టూల్‌ను ఎంచుకుంటుంది: పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కు ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టీ). వెనకున్న కోడ్ దానికి కనపడదు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడైతే పక్క కుర్చీ వైపు తిరిగి "అన్నా, ఈ అమౌంట్ రూపాయలా, పైసలా?" అని అడుగుతాడు. మోడల్ చాలాసార్లు అడగదు. తోచింది అనుకుని జవాబు చెప్పేస్తుంది. కాబట్టి కాలమ్ పేరు చూసి తెలుసుకోలేని సంగతులే నువ్వు రాయాలి.

మొట్టమొదట, ఒక వరుస అంటే ఏమిటో చెప్పు. ఒక ఆర్డరా, ఆర్డర్‌లోని ఒక వస్తువా? ఇది లేకపోతే మూడు చీరలున్న ఒక్క ఆర్డర్‌ను మూడు ఆర్డర్లుగా లెక్కపెడుతుంది. తర్వాత డబ్బు. అమౌంట్ కాలమ్‌లో 149900 ఉంది, పైసల్లో. అంటే 1,499 రూపాయలు. ఆ ఒక్క మాట మరిచిపోతే అమ్మకాలు నూరు రెట్లవుతాయి, పైగా నివేదిక చూడముచ్చటగానే ఉంటుంది.

సమయం ఇంకా మోసగొండిది. మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉన్నాయి. మన గడియారం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. "నిన్నటి ఆర్డర్లు" అన్నప్పుడు యూటీసీ తేదీని పట్టుకుంటే, అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 వరకు వచ్చినవన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. తేదీలు భారత కాలమానంలో ఇవ్వాలో, యూటీసీలో ఇవ్వాలో వివరణలో తేల్చు. "ఈ ఏడాది" అంటే జనవరి నుంచా, ఏప్రిల్ 1 నుంచా అన్నదీ అంతే. అకౌంట్స్ వాళ్లు అడిగే ఏడాది రెండోది.

జిల్లా కాలమ్ దగ్గర కాసేపు ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. పాత వరుసల్లో విజయవాడ చిరునామా కృష్ణా జిల్లా, కొత్త వరుసల్లో ఎన్టీఆర్ జిల్లా. "కృష్ణా జిల్లా అమ్మకాలు ఎందుకు పడిపోయాయి?" అని ఎవరైనా అడిగితే ఏజెంట్ లేని కారణాలు పది అల్లగలదు. "జిల్లా పేరు ఆర్డర్ ఇచ్చిన రోజు నాటిది, ఏళ్ల మధ్య పోల్చాలంటే పిన్‌కోడ్ వాడు" అన్న ఒక్క వాక్యం ఆ కథలన్నింటినీ ఆపుతుంది. పేర్లదీ ఇలాంటి గొడవే. ఇంగ్లిషు అక్షరాల్లో లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు. పేరుతో కాక ఫోన్ నంబరుతో వెతకమని చెప్పు.

టూల్‌ను ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలి, కారణంతో సహా. నీ పన్నెండింటిలో మూడు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఇంతవరకు చెప్పినవన్నీ కలిపితే ఆర్డర్ల టూల్ వివరణ ఇలా ఉండొచ్చు:

"కస్టమర్ ఫోన్ లేదా తేదీల ఆధారంగా ఆర్డర్లు ఇస్తుంది. ఒక వరుస ఒక ఆర్డర్. అమౌంట్ పైసల్లో ఉంటుంది. తేదీలు భారత కాలమానంలో ఇవ్వాలి. రద్దయిన ఆర్డర్లు కూడా వస్తాయి. వద్దనుకుంటే స్టేటస్ ఇవ్వు. గరిష్ఠంగా 50 వరుసలు, కొత్తవి ముందు. ఆర్డర్ నంబరు తెలిస్తే గెట్ ఆర్డర్ వాడు. మొత్తాలు కావాలంటే సేల్స్ సమ్మరీ వాడు. ఇక్కడి వరుసలు కూడితే 50 దాటినవి లెక్కలోకి రావు."

ఇంతకంటే పెంచకు. ఏజెంట్ ఏ పని మీదున్నా పన్నెండు వివరణలూ దాని కాంటెక్స్ట్‌లో (అది ఒకేసారి చదువుకునే పాఠంలో) కూర్చుంటాయి. టేబుళ్ల నిర్మాణమంతా ఇందులో కుక్కడం కంటే, టేబుల్ పేరిస్తే కాలమ్‌లు చెప్పే టూల్ విడిగా పెట్టడం మేలు.

పారామీటర్లకు (టూల్‌కు ఇచ్చే విలువలకు) తలా ఒక ఉదాహరణ ఇవ్వు, తేదీకైతే 2025-04-01. స్టేటస్‌కు 1, 2, 3 అని వదిలేయకుండా ఈనమ్‌లో (ఒప్పుకునే విలువల జాబితాలో) మాటలే పెట్టించు.

ఏమీ దొరకనప్పుడు, తప్పు జరిగినప్పుడు వెళ్లే సందేశాలు కూడా నీ రాతే అనుకో. ఖాళీ జాబితా మాత్రమే వెళ్తే "ఈ కస్టమర్ ఎప్పుడూ కొనలేదు" అని చెప్పేస్తుంది. "ఈ తేదీల మధ్య ఆర్డర్లు లేవు, ఫోన్ నంబరు 10 అంకెలుండాలి, +91 లేకుండా" అని వెళ్తే సరిచేసుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది.

డేటాబేస్‌పై నేరుగా ఆదేశాలు నడిపే రన్ క్వెరీ టూల్‌లో "దయచేసి ఏదీ తొలగించవద్దు" అని రాశావు. వాక్యం తాళం కాదు. ఎంసీపీలోని రీడ్ ఓన్లీ హింట్ (ఈ టూల్ ఏదీ మార్చదని చెప్పే గుర్తు) కూడా పేరుకు తగ్గట్టు సూచనే. సెలెక్ట్ (చదివే) హక్కు మాత్రమే ఉన్న డేటాబేస్ యూజర్‌తో, స్టేట్‌మెంట్ టైమవుట్ (ఆదేశం మరీ ఎక్కువసేపు నడిస్తే ఆపేసే గడువు) పెట్టి నడపమని ఇంజినీర్లకు చెప్పు. అప్పుడు నువ్వు "చదవడానికి మాత్రమే" అని రాసినా అది నిజమవుతుంది.

పరీక్షకు సిబ్బంది నిజంగా అడిగే ఇరవై ప్రశ్నలు, జవాబులతో సహా సేకరించు. అందులో అయిదు ఈ టూల్ అవసరం లేనివి ఉండాలి. ఏజెంట్ ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో నమోదయ్యే లాగ్ చూడు. తప్పు టూల్ పిలిస్తే లోపం ఎప్పుడు వాడాలో చెప్పే వాక్యాల్లో ఉంది. సరైన టూల్‌కు తప్పు విలువ ఇస్తే పారామీటర్ వివరణలో ఉంది. రెండూ సరిగ్గా ఉండి జవాబు తప్పితే వరుస, పైసలు, సమయం దగ్గరికి వెళ్లు. ఒకసారికి ఒక్క వాక్యమే మార్చు. మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు ఆర్డర్ల టూల్ ఒక్కటే తిరగరాసి పంపు. ఎండ్ డేట్‌లో ఆ రోజు కూడా కలుస్తుందో లేదో కోడ్ రాసినవాళ్లను అడుగు. నీ ముసాయిదాలో అది లేదు, పైన నేను రాసిన నమూనాలోనూ లేదు.

ఆశీస్సులతో,
నీ అన్న