మేలో హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్తే ఎలాంటి బట్టలు సర్దుకోవాలి?

పల్చని, వదులైన నూలు బట్టలు రోజుకు రెండు జతల లెక్కన సర్దుకోండి, జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. మే ఎండ 40 డిగ్రీలు దాటినా హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది. చెమట చప్పున ఆరిపోతూ ఒంట్లోని వేడినీ తీసుకుపోతుంది. వైజాగ్‌లో సముద్రపు గాలి నిండా తేమే. చెమట ఆరదు, కారుతుంది. అందుకే అక్కడ 34 డిగ్రీలకే ఉక్కపోతతో ప్రాణం విసిగిపోతుంది. ఉదాహరణకు, ఇక్కడ రాత్రి ఆరేసిన జీన్స్ తెల్లారేసరికి ఆరిపోతుంది. అక్కడ మర్నాడు మధ్యాహ్నానికి కూడా నడుం పట్టీ దగ్గర తడి తగులుతుంది. (తువ్వాలుదీ అదే కథ, మందపాటి టర్కీ టవల్ కన్నా పల్చటి కండువా నయం.) ‘సముద్రం పక్కనే కదా, చల్లగా ఉంటుంది’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. పగటి వేడిని సముద్రం కాస్త తగ్గించే మాట నిజమే. కానీ రాత్రిళ్లు కూడా అంతగా చల్లబడనివ్వదు.