పాత ఊరి ఫోటోలకు తేదీలు వేయడం

చిరంజీవి సుధకు పెద్దనాన్న ఆశీస్సులు.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో మీ ఊరి మ్యూజియం వాళ్లు రెండు అట్టపెట్టెల పాత ఫోటోలు నీకు అప్పగించి, తేదీలు వేసిపెట్టమన్నారని రాశావు. చలికాలానికి సరిపడే పనే. తొందర మాత్రం పడకు.

పెట్టెలు ఇన్నాళ్లూ షెడ్డులో ఉన్నాయన్నావు కదా, మొదటి జాగ్రత్త అక్కడే. బయట మైనస్ ముప్పై ఉన్న రోజున తెస్తే, పెట్టెను అక్కడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి లోపలికి తీసుకురా. ఒక రోజంతా విప్పకు. లేదంటే ఇంటి గాలిలోని చెమ్మ చల్లటి ఫోటోల మీద పట్టి, ఫోటో మీది జిలటిన్ పొర (బొమ్మ ఉండే పొర) మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కుని ఉన్నవాటిని లాగొద్దు. చాపలా చుట్టుకుపోయిన పొడుగు ఫోటోలను విప్పబోతే పొర పెళుసుగా పగులుతుంది. వాటిని పక్కన పెట్టు.

కవర్లలో ఉన్న వరసను చెదరగొట్టకు. ఒకే కవర్లోవి చాలాసార్లు ఒకే ఇంటివి అయ్యుంటాయి, ఒకదాని తేదీ దొరికితే మిగతావాటికీ దారి దొరుకుతుంది. 2బి పెన్సిల్‌తో వెనక అంచున నంబరు వెయ్యి. బాల్‌పెన్ వద్దు, దాని ఒత్తు ముందువైపు గీతలా తేలుతుంది. తర్వాత స్కాన్ చెయ్యి: పోస్ట్‌కార్డు సైజుకు అంగుళానికి 600 చుక్కలు, అంతకంటే చిన్నవాటికి 1200, టిఫ్ ఫైలు. నలుపు-తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే, అంచులు కత్తిరించకుండా, వెనకవైపు కూడా.

ఇక తేదీల సంగతి. పెట్టెలో సగం పోస్ట్‌కార్డులే ఉంటాయి చూడు. 1903లో వచ్చిన కొడక్ 3ఎ కెమెరా ఫిల్ము 3¼ × 5½ అంగుళాలు, అంటే సరిగ్గా కార్డు కొలత. అందుకే ఊరి మందుల షాపువాడు కూడా కార్డులు ముద్రించుకోగలిగాడు. వెనకవైపు స్టాంపు అంటించే గడి చూడు. అక్కడ ‘అజో’ (ఫోటో కాగితం బ్రాండు పేరు) అని ఉండి, నాలుగు మూలల త్రిభుజాలూ పైకి చూస్తుంటే కాగితం సుమారు 1904–18 మధ్యది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918 తర్వాతది. అయితే అది కాగితం వయసు. పాత నెగెటివ్‌ను కొత్త కాగితం మీద ఎన్నిసార్లైనా ముద్రించుకోవచ్చు.

నేనైతే అన్నిటికంటే ఎలివేటర్లనే నమ్ముతాను. రైలు పట్టాల పక్కన చెక్కతో కట్టిన ఆ ఎత్తైన ధాన్యం గిడ్డంగుల మీద కంపెనీ పేరు ఉంటుంది. ఆ ముక్కను తెరమీద బాగా పెద్దది చేసి చూడు. ‘యునైటెడ్ గ్రెయిన్ గ్రోయర్స్’ అని ఉంటే 1917కు ముందుది కాదు. ‘సస్కాచెవాన్ కోఆపరేటివ్’ కనిపిస్తే 1911కు ముందుది కాదు. దాని ఎలివేటర్లను 1926లో వీట్ పూల్ అనే రైతుల సహకార సంఘం కొనేసింది. కానీ పేరు మార్చి రంగు వేయడానికి ఎన్నాళ్లు పట్టిందో తెలియదు కాబట్టి, పాత పేరు కనిపించినంత మాత్రాన 1926కు ముందుదని తేల్చెయ్యకు. ఎలివేటర్ మీది పేరు ఎప్పుడూ ‘ఫలానా ఏడాదికి ముందుది కాదు’ అనే చెబుతుంది.

వీధిలో హోటల్ మీద ‘బార్’ అని ఉంటే చాలావరకు 1915 జూలై 1కి ముందుది. ఆ రోజున సస్కాచెవాన్‌లో బార్లన్నీ మూసేశారు. కార్డు మీద ‘అస్సా.’ (అస్సినిబోయా అనే పాత జిల్లా) అనో ‘ఎన్.డబ్ల్యు.టి.’ (నార్త్-వెస్ట్ టెరిటరీస్) అనో అచ్చయి ఉంటే, 1905 సెప్టెంబరు 1న రాష్ట్రం ఏర్పడకముందు వేసినదో, పాత అచ్చు ఇంకా వాడుకుంటున్నదో అయ్యుంటుంది. పొలంలో పనల కుప్పలు, ఆవిరి ఇంజనుతో నూర్పిడి కనిపిస్తే మాత్రం పెద్దగా సంబరపడకు. అవి చాలా ఏళ్లు అలాగే సాగాయి.

అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే నెగెటివ్‌ను తిరగేసి ముద్రించారన్నమాట. అక్షరాలే లేకపోతే నీడలు చూడు. అక్కడ మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది. పట్టాలు ఏ దిక్కున ఉన్నాయో పటంలో చూసి సరిపోల్చుకుంటే తెలిసిపోతుంది.

షాపు యజమాని పేరు చదవగలిగితే ఊళ్లలోని వ్యాపారుల పేర్లు ఇచ్చే పాత హెండర్సన్ డైరెక్టరీల్లో వెతుకు. ప్రెయిరీలకు (మీ వైపు గడ్డిమైదానాల రాష్ట్రాలకు) మాత్రమే విడిగా తీసిన 1906, 1916, 1926 జనాభా లెక్కలు కూడా ఉన్నాయి. 1980లో రాష్ట్రం 75 ఏళ్ల పండగకు చాలా ఊళ్లు సొంత చరిత్ర పుస్తకాలు వేసుకున్నాయి. మీ ఊరిదీ ఉంటే తెచ్చుకో. అందులో ఫోటోల కింద ఉన్న మాటలు మాత్రం ముసలివాళ్ల జ్ఞాపకాలు, వాటిని ఇంకోదానితో పోల్చి చూడాలి.

చివరికి ‘1926’ అని తేల్చి రాయకు. ‘1924కు ముందుది కాదు, పూల్ పేరును బట్టి’ అని కారణంతో సహా జాబితాలో రాయి. ఫోటో వెనక ఊహలు రాయొద్దు.

1949కి ముందు కెనడాలో తీసిన ఫోటోలకు కాపీరైటు అడ్డు లేదు. అయినా అక్కడి ఆదివాసులైన క్రీ జనాల ముఖాలున్నవి నెట్‌లో పెట్టేముందు వాళ్ల సమాజాన్ని అడగడం మర్యాద.

పెట్టెలో ఎక్కడైనా ఫిల్ము నెగెటివ్‌లు పసుపురంగు తిరిగి, జిగటగా మారి, ఘాటు వాసన వేస్తుంటే అది నైట్రేట్ ఫిల్ము. త్వరగా అంటుకుంటుంది. స్కానర్ మీద పెట్టకు, హీటర్ పక్కన ఉంచకు, ఆ రోజే మ్యూజియం వాళ్లకు ఫోన్ చెయ్యి.

పెద్దనాన్న