దూడ గిట్టలు వెనక్కి మడత పడితే: వాతలు వద్దు, బద్దకట్టు కట్టండి

ప్రశ్న: మా ఒంగోలు ఆవు నాలుగు రోజుల కిందట ఈనింది. కోడెదూడ పెద్దది కావడంతో లాగి తీయాల్సి వచ్చింది. ముందుకాళ్ళు రెండూ గిట్టల దగ్గర వెనక్కి మడత పడుతున్నాయి. ఎడమకాలు మునివేళ్ళ మీద ఆనుతోంది. కుడికాలు మాత్రం గిట్ట పైన ఉండే కీలు ముందుకు పొడుచుకొచ్చి, చర్మం నేలకు రాసుకుని పుండు పడింది. నరాలు పట్టేశాయి, వాతలు పెట్టించమని ఊళ్ళో అంటున్నారు. ఆబోతుగా ఉంచుకోవాలని మా ఆశ. దూడ బాగుపడుతుందా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా ఒక్క మాట. దయచేసి వాతలు పెట్టించకండి. ఊళ్ళో మనం నరం అంటున్నది నిజానికి నరం కాదు. కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి పట్టీ, దాన్నే టెండాన్ అంటారు. కాలిని వెనక్కి మడిచే ఈ తాళ్ళు మీ దూడకు పుట్టుకతోనే పొట్టిగా, బిర్రుగా ఉన్నట్టున్నాయి. వాత పెడితే కాలేది చర్మం. ఆ మంటకు దూడ కాలు ఆనించడమే మానేస్తుంది. ఆనించకపోతే తాడు సాగదు, ఇంకా బిగుసుకుంటుంది. పుండులోకి చీము చేరితే దూడ ప్రాణానికే ముప్పు.

ఇలాంటి దూడలు కాలి జబ్బుతో చనిపోవడం అరుదు. లేచి పొదుగు అందుకోలేక, పాలు చాలక చనిపోయేవే ఎక్కువ. అందుకే కాలికన్నా ముందు కడుపు చూడండి. మీ దూడ 28 కిలోలు ఉంటుందనుకుంటే రోజుకు దాదాపు మూడు లీటర్ల పాలు మూడు నాలుగు సార్లుగా అందాలి. పొట్ట కింద గోనెసంచి వేసి ఇద్దరు చెరో పక్కన పట్టుకుని పొదుగు దగ్గర నిలబెట్టండి. సీసాతో పట్టాల్సి వస్తే తల భుజాల ఎత్తులోనే ఉండాలి. పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పుట్టిన మొదటి 24 గంటల్లో ముర్రుపాలు సరిగా తాగలేదంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ గడువు దాటాక ముర్రుపాలలోని రక్షణ రక్తంలోకి చేరదు. అలాంటి దూడకు బొడ్డు చీము పట్టి, అది కీళ్ళకు పాకే ప్రమాదం ఎక్కువ.

ఇక జబ్బు టెండాన్‌దేనా అన్నది తేల్చుకోవాలి. దూడను పక్కకు పడుకోబెట్టి, మోకాలి కింద ఎముక వెనకవైపు బొటనవేలితో నొక్కుతూ గిట్టను మెల్లగా ముందుకు చాపండి. వీణ తీగలా బిగిసే తాడు వేలికి తగులుతుంది. ఇప్పుడు మోకాలిని పూర్తిగా మడిచి, గిట్టను మళ్ళీ చాపి చూడండి. ఈ తాళ్ళు మోచేతి దగ్గర మొదలై మోకాలి వెనకగా దిగుతాయి కాబట్టి మోకాలు మడిస్తే వదులవుతాయి. అలా మడిచినప్పుడు గిట్ట చక్కగా చాపుకుంటే దోషం తాడులోనే ఉంది, బాగుపడే అవకాశం బాగా ఉంది. మోకాలు మడిచినా కీలు కదలకపోతే కీలు పొర, ఎముకల అమరికలోనే తేడా ఉందన్నమాట. దాన్ని బద్దకట్టు సరిచేయలేదు. నాలుగు కాళ్ళూ, మెడా కర్రల్లా బిగుసుకుని పుట్టిన దూడల సంగతి కూడా ఇదే. ఊళ్ళో ఒకే కాలంలో అలాంటివి రెండు మూడు పుడితే దోమల్లాంటి చిన్న ఈగల కాటుతో చూడి పశువులకు సోకే వైరస్‌ను అనుమానించాలి, పశువైద్యశాలకు తెలియజేయాలి.

ఎడమకాలు మునివేళ్ళ మీద ఆనుతోందన్నారు. మడమ లేచి ఉంటే ఈ తాళ్ళలో లోపలిది బిగిసిందని అర్థం. కుడికాలిలా కీలు ముందుకు తోసుకొస్తే ముఖ్యంగా చర్మానికి దగ్గరగా ఉండే పైతాడు పొట్టిదని అర్థం. చాలా దూడల్లో రెండూ కలిసే ఉంటాయి.

మీ దూడను లాగి తీశారు కాబట్టి ఇంకో రెండు విషయాలు చూడాలి. మోచేయి కిందికి జారి, కాలు అసలు బరువు మోయకుండా ఈడ్చుకుంటూ ఉంటే అది నిజంగానే నరం దెబ్బ, దాని వైద్యం వేరు. కీలు వేడిగా, వాచి, ముట్టుకుంటే తన్నుతూ, జ్వరం 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అది కీళ్ళలో చీము. అలాంటి కాలికి బద్దకట్టి ఇంట్లో ఉంచుకోకండి, ఆ రోజే చూపించాలి. పుండు కీలు మీదే ఉంది కాబట్టి డాక్టరు మొదట చూసేది కూడా అదే. అందులోంచి గుడ్డు తెల్లసొనలాంటి జిగట నీరు కారుతోందంటే కీలు తెరుచుకుందని లెక్క.

ఎడమకాలికి మందు అక్కర్లేదు. పరుపు బండలు, నున్నటి సిమెంటు మీద నుంచి దూడను తీసి, ఇసుక కలిసిన మట్టినేల మీద గడ్డి పరిచి వదలండి. రోజుకు నాలుగైదు సార్లు పావుగంట చొప్పున తల్లి వెంట నడిపించండి. ప్రతిసారీ గిట్టను ముందుకు చాపి, పది లెక్కపెట్టేదాకా పట్టుకుని వదలండి, ఇలా పది పదిహేను సార్లు. చాలావరకు వారం పది రోజుల్లో మడమ నేలకు దిగుతుంది.

కుడికాలికి బద్దకట్టు కావాలి. మొదటి కట్టు డాక్టరు చేతే కట్టించుకుని, పక్కన నిలబడి చూసి నేర్చుకోండి. 3 అంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండుగా చీల్చి, అంచులను ఆకురాయితో నున్నగా రుద్దండి. పొడవు మోకాలి కింద రెండు వేళ్ళు విడిచి గిట్ట కొనదాకా. పుండును సెలైన్‌తో కడిగి, అంటుకోని గాజుగుడ్డ వేశాక కాలి చుట్టూ దూది మందంగా చుట్టాలి. కీలు వెనక పల్లంలో, గిట్ట మడమ దగ్గర ఇంకొంచెం దూది ఎక్కువ పెట్టాలి. దాని మీద బ్యాండేజీ చుట్టి, పైపు ముక్కను కాలి వెనకవైపు ఉంచి, గిట్ట పైపుకు ఆనేలా కింది నుంచి పైకి పట్టీ చుట్టుకుంటూ రావాలి. గిట్ట కొనలు బయటికి కనబడాలి.

ఒక్కసారే నిటారుగా లాగి కట్టేయాలన్న తొందర వద్దు. నొప్పి లేకుండా ఎంత చాపుకుంటే అంత మేరకే కట్టి, మార్చినప్పుడల్లా కాస్త కాస్త పెంచాలి. వెదురు బద్దలు, కొబ్బరి తాడుతో నేరుగా చర్మం మీద బిగించడం వల్ల కాళ్ళు పోతాయి: దూడ చర్మం కాగితంలా పలుచన, రక్తం ఆడకపోతే చర్మం నల్లబడి ఊడిపోతుంది. పొద్దున, సాయంత్రం కట్టును చూడండి. గిట్ట చల్లబడినా, కట్టు పైన వాచినా, వాసన వచ్చినా, దూడ కట్టును కొరుక్కుంటున్నా రాత్రైనా సరే విప్పేయండి. ఏ ఇబ్బందీ లేకపోయినా రెండు రోజులకోసారి విప్పి, చర్మం చూసి, రెండు మూడు గంటలు కాలు ఆడించనిచ్చి మళ్ళీ కట్టాలి. మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది.

సాగే తాడు నొప్పి పెడుతుంది, నొప్పి ఉంటే దూడ నడవదు. అందుకు డాక్టర్లు మెలాక్సికామ్ వాడతారు, కిలో బరువుకు అర మిల్లీగ్రాము. పాలు బాగా తాగుతున్న దూడకే ఇవ్వాలి, విరేచనాలు అవుతున్నప్పుడు ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు. రాబందుల చావుకు కారణమైందని 2006లోనే పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. తాడు సడలడానికి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎక్కువ మోతాదులో సిర ద్వారా ఇచ్చే పద్ధతి గుర్రప్పిల్లల వైద్యం నుంచి వచ్చింది. దూడల్లో ఒక్కోసారి ఫలిస్తుంది, ఒక్కోసారి లేదు. వేగంగా ఎక్కిస్తే దూడ కుప్పకూలుతుంది. ఇది సొంతంగా చేసే పని కాదు.

రెండు మూడు వారాలకు కూడా కీలు వెనక్కి రాకపోతే ఆపరేషన్ చేయించండి, నెలల తరబడి ఆగకండి. మత్తిచ్చి బిగిసిన తాడును కోసి వదులు చేస్తారు, మళ్ళీ రెండు నుంచి నాలుగు వారాలు బద్దకట్టు ఉంటుంది. తెగిన చోట కొత్త కణజాలం పూడుకుని తాడు పొడవవుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ కీలు పొర కూడా బిగుసుకుపోతుంది, అప్పుడు తాడు కోసినా కాలు రాదు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యులు ఇంటికే వస్తారు. ఆపరేషన్ అవసరమైతే మీకు దగ్గర్లో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

ఆబోతు ఆశ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. గర్భంలో చోటు చాలక, పెద్ద దూడ మడుచుకుని ఉండటం వల్ల ఇది రావచ్చు. వంశం నుంచీ రావచ్చు. ఏది కారణమో దూడను చూసి చెప్పలేం. కాబట్టి కాళ్ళు పూర్తిగా బాగైనా ఆబోతుగా ఉంచకండి, ఎద్దుగా సాకండి. కట్టుతోనే బాగైన దూడ మామూలు సేద్యానికి పనికొస్తుంది. ఆపరేషన్ అయినదైతే తేలికపాటి పనికే, బండలాగుడు పోటీలకు మాత్రం వద్దు. తల్లిని వదులుకోనక్కర్లేదు, కానీ ఈసారి వేరే ఆబోతు వీర్యం వేయించండి. ఈ దూడకు తండ్రైన ఆబోతుకు పుట్టిన వేరే దూడల్లోనూ ఇదే కనిపిస్తే వీర్యం సూది వేసినవారికి చెప్పండి.