వెంచర్ రోడ్డు మీద వీలీ: ఆ రోడ్డు ఎవరిది?

ప్రశ్న: నా వయసు 23. సంగారెడ్డి దగ్గర ఉంటాను. 200 సీసీ బైకు ఉంది, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ సరిగా ఉన్నాయి. నిలబడి వీలీ (ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే నడపడం) చేయడం నేర్చుకోవాలని ఎప్పటినుంచో కోరిక. మెయిన్ రోడ్డు మీద చేస్తే కేసని తెలుసు. అందుకే మా బాబాయి ప్లాటు కొన్న వెంచర్‌లో, ఇంకా ఇల్లు ఒక్కటీ లేని చోట, తెల్లవారుజామున ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నాను. ఫ్రెండ్ వీడియో తీస్తాడు. పదిహేడేళ్ల మా తమ్ముడు కూడా నేర్చుకుంటానంటున్నాడు. వెంచర్ ప్రైవేటు స్థలమే కదా సార్, అక్కడ కూడా కేసు పెట్టగలరా? పడితే ఇన్సూరెన్సు వస్తుందా?

జవాబు: వెంచర్ అంటే గేటు ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు, కాబట్టి ప్రైవేటు అనుకుంటున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, ప్లాట్లు అమ్మేవాళ్లతో సహా. ముందు మీ బాబాయిని లే-అవుట్ కాగితాలు తీసి చూడమనండి. అనుమతి పొందిన లే-అవుట్ అయితే అందులోని రోడ్లనూ, పార్కుకు వదిలిన ఖాళీ స్థలాన్నీ పంచాయతీకో మున్సిపాలిటీకో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా ఇచ్చేయాలి. అలా ఇచ్చాక ఆ రోడ్డు డెవలపర్‌దీ కాదు, మీ బాబాయిదీ కాదు. ఇళ్లు లేకపోయినా, గడ్డి మొలిచినా, అది ఊరి రోడ్డే. బాబాయికి హక్కున్నది ఆయన రెండొందల గజాల మీద మాత్రమే, అక్కడ వీలీ కుదరదు.

మోటారు వాహనాల చట్టం ‘పబ్లిక్ ప్లేస్’ అన్న మాటకు ఇచ్చిన అర్థం, జనానికి వెళ్లే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి లేదా మరే చోటైనా అని. ఈ కొలత ఎలా పని చేస్తుందో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం డిస్పాచ్ యార్డులో మాత్రమే తిరిగిన 36 వాహనాలకు పన్ను కట్టాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చుట్టూ ప్రహరీ, గేట్ల దగ్గర కేంద్ర భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ కాపలా, అనుమతి లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు, కాబట్టి అది పబ్లిక్ ప్లేస్ కాదని 2025 ఆగస్టులో కోర్టు తేల్చింది. అది పన్ను కేసు, మీ విషయానికి నేరుగా అతకదు. కానీ మీ వెంచర్‌ను దాని పక్కన పెట్టి చూడండి. ప్లాటు చూడటానికి వచ్చేవాళ్లు, గేదెలు తోలుకొచ్చేవాళ్లు, వాకింగ్‌కు వచ్చేవాళ్లు... వాచ్‌మన్ ఎవరినైనా ఆపాడా?

ఇక కేసు సంగతి. ‘వీలీ’ అన్న మాట మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. అది చూసి కొందరు కుర్రాళ్లు నాతో వాదనకు దిగుతుంటారు. పోలీసులు వాడేది సెక్షన్ 184, ప్రమాదకరంగా నడపడం. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘అప్పుడు అక్కడ ఎవరూ లేరండీ’ అన్న జవాబు ఇక్కడ అంతగా పనికిరాదు. ఎందుకంటే ఆ సమయంలో ఉన్న రాకపోకలనే కాదు, ఉండొచ్చని మామూలుగా అనుకోదగ్గ రాకపోకలను కూడా చూడమంటుంది ఆ సెక్షన్. యూనిఫాంలో ఉన్న పోలీసు కళ్ల ముందు జరిగితే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. దీనికి భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 281 (రోడ్డు మీద నిర్లక్ష్యంగా నడపడం) కూడా తోడవుతుంది. లైసెన్సు విషయం వేరే. 2023లో చెన్నై-బెంగళూరు హైవే మీద వీలీ చేసి పడిపోయిన తమిళ యూట్యూబర్ నెలకు పైగా జైల్లో ఉన్నాడు, లైసెన్సు పదేళ్ల పాటు పోయింది.

నిజంగానే ప్రహరీ ఉన్న సొంత స్థలం దొరికిందనుకుందాం. అప్పుడు రోడ్డు సెక్షన్ల భయం చాలావరకు తగ్గుతుంది. అయినా ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం (న్యాయ సంహిత సెక్షన్ 125), నిర్లక్ష్యం వల్ల మరణం (అందులోనే సెక్షన్ 106) ప్రహరీ లోపల కూడా వర్తిస్తాయి. మీ బండి వెళ్లి వీడియో తీస్తున్న ఫ్రెండ్ మీద పడితే వాటి కిందే కేసు. ‘నా ఇష్టంతోనే నిలబడ్డాను’ అని వాడితో రాయించుకున్న కాగితం మరణం దాకా వస్తే మిమ్మల్ని కాపాడదు. అందుకే వాణ్ణి మీ ఎదురుగా కాకుండా పక్కన, దూరంగా నిలబెట్టండి. వీడియో తీయొద్దని నేననను, తప్పులు దిద్దుకోవడానికి అవసరమే. అయితే వెంచర్ రోడ్డు మీద తీసి రీల్‌గా పెడితే మాత్రం పోలీసులకు సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. టైము, బండి నంబరు, మొహం అన్నీ అందులోనే ఉంటాయి.

మీ తమ్ముణ్ణి మాత్రం ఇందులోకి తేవద్దు. రోడ్డు మీద మైనరు నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ ప్రకారం తండ్రినో, బండి ఓనరునో దోషిగా భావిస్తారు. బండి ఓనరు మీరే కదా. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తంతా తీసుకున్నానని నిరూపిస్తే తప్పించుకోవచ్చు. దగ్గరుండి నేర్పించిన మీరు ఆ మాట అనలేరు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. వాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. సొంత నిర్లక్ష్యంతో నడిపి చనిపోయిన వ్యక్తి కుటుంబానికి మోటారు ప్రమాద పరిహారం రాదన్న కర్ణాటక హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జూలైలో సుప్రీంకోర్టు నిరాకరించింది. అది కారు కేసు, వీలీ కాదు. కానీ మీ బైకు విషయంలో ఇన్సూరెన్సు కంపెనీ లాయరు మొదట చూపించేది అదే. ఆరోగ్య బీమా పాలసీలో కూడా సాహస క్రీడల మినహాయింపు ఉందేమో చదువుకోండి.

‘మరి నేర్చుకునే దారే లేదా’ అంటారు. ఉంది. ప్రహరీ ఉన్న స్థలం, యజమాని నుంచి రాతపూర్వక అనుమతి, లోపల బయటివాళ్లు లేకుండా చూసుకోవడం. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి వంటి రేసు ట్రాకుల మీద కూడా మామూలు ట్రాక్ డేల్లో (సొంత బండి తెచ్చి ట్రాకు మీద నడుపుకోనిచ్చే రోజుల్లో) వీలీలు చేయనివ్వరు, కాబట్టి ముందే అడగండి. స్టంట్లు నేర్చుకున్న క్లయింటు ఒకాయన నాకు చెప్పింది చెబుతాను, ఇది చట్టం కాదు. కొత్తవాళ్లు పడేది ముందుకు కాదట, బండి వెనక్కి తిరగబడి. దాన్ని దించేది వెనక బ్రేకు, అందుకే కుడికాలు దాని మీదనుంచి తీయకూడదు. చక్రాన్ని జానెడు లేపి బ్రేకుతో దించడం వందసార్లు చేసి, కూర్చుని లేపడం వచ్చాక, అప్పుడు నిలబడటం. ఐఎస్ఐ మార్కు ఫుల్ ఫేస్ హెల్మెట్, వీపుకు, మోకాళ్లకు రక్షణ, పక్కన ఆసుపత్రికి తీసుకెళ్లగల మనిషి, వాహనం ఉండాలి.

స్టంట్ల కోసం బండికి మార్పులు చేయించినా, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఫ్యూజు తీసేసినా దాన్ని రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లకండి, ఆ మార్పులకు వేరే కేసులు ఉన్నాయి. ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లండి.