60/ఏ అనే ప్లాటు అసలు ప్లాన్‌లో ఉందా?

ప్రశ్న: మాది కడప. నేను టీచర్‌ని. మా ఆయనకు విశాఖలో ఉద్యోగం. పిల్లలతో హాయిగా ఉండొచ్చని మధురవాడ నుంచి భీమిలి దాకా తిరిగి తిరిగి, సముద్రపు గాలి తగిలేచోట, స్కూలు దగ్గరున్న ఒక లేఅవుట్‌లో 2022 మార్చిలో 200 గజాలు కొన్నాం. 2012లో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ అన్నారు. మా అమ్మ నగలు అమ్మి, మొత్తం 36 లక్షలు ఇచ్చాం. బ్యాంకు ద్వారా 22, మిగతాది నగదు. లేఅవుట్ వేసిన సంస్థ భాగస్వామే రిజిస్ట్రేషన్ చేసిచ్చారు. 2025 సంక్రాంతి సెలవుల్లో రాళ్ళు పాతించబోతే కాలనీవాళ్ళు మీదికొచ్చారు. ఇది పార్కు స్థలమని ఫోన్‌లో ఏదో ప్లాన్ చూపించారు. తర్వాత పంచాయతీ నోటీసు కూడా ఇచ్చింది. బయటి జిల్లావాళ్ళమని మమ్మల్ని ఏడిపిస్తున్నారు. వాళ్ళు అడ్డు రాకుండా కోర్టు ఆర్డరు తెచ్చుకోవచ్చా? ఏజెంటు మాత్రం 'టెన్షన్ పడకండి, కర్నూలు వాళ్ళకెవరికైనా అమ్మించేస్తా, మీకు ఇంకోచోట చూపిస్తా' అంటున్నాడు. కొత్త ప్లాటుకు అడ్వాన్సు అడుగుతున్నాడు. కుటుంబంతో ఉండటానికి ఆ వైపు ఏ ఏరియా మంచిదో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సగానికి పైగా కాలనీవాళ్ళ మీద ఫిర్యాదే. దాన్ని పక్కన పెట్టి, మీరు పంపిన సేల్ డీడ్ జిరాక్సు చివర షెడ్యూలు చదివాను. మీ కేసు ఆ ఆరేడు లైన్లలో ఉంది.

ప్లాటు నంబరు 60/ఏ అని రాశారు. తూర్పు హద్దు 60వ నంబరు ప్లాటు. ఉత్తరం 30 అడుగుల రోడ్డు. పడమర, దక్షిణం రెండువైపులా 'మిగిలిన ఖాళీ స్థలం' అని ఉంది. దేంట్లో మిగిలింది? పంచాయతీ నోటీసు చూడండి. ఆమోదించిన ప్లాన్‌లో ప్లాట్లు 1 నుంచి 60 వరకేనని, 60 పక్కనున్నది ఉమ్మడి ఖాళీ స్థలమని అందులో స్పష్టంగా రాశారు. అంటే 60/ఏ అనే ప్లాటును వుడా ఎప్పుడూ ఆమోదించలేదు. పార్కులో ఒక ముక్క కోసి, పక్క ప్లాటు నంబరుకు 'ఏ' తగిలించి మీకు అమ్మారు. ప్లాన్ నకలులో కూడా ఇదే ఉంటే, మీ కష్టాలు ఎన్ని చెప్పుకున్నా ఆ స్థలంలో ఇల్లు కట్టుకునే హక్కు మీకు రాదు.

'రిజిస్ట్రేషన్ అయింది కదా' అని మూడుచోట్ల రాశారు. అమ్మేవాడికి హక్కు ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు తేల్చడు. లేని హక్కు రిజిస్ట్రేషన్‌తో పుట్టదు. పార్కు కోసం చూపిన స్థలాన్ని వేరే అవసరానికి మళ్ళించడం కుదరదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో చెప్పింది. అక్కడ పార్కు స్థలంలో నర్సింగ్ హోమ్ కడదామనుకున్నారు. పంచాయతీ పేరిట గిఫ్ట్ డీడ్ (పార్కు స్థలాన్ని అప్పగించే దానపత్రం) ఇంకా రాయలేదు కాబట్టి స్థలం మాదేనని మీ అమ్మకందారు వాదించవచ్చు. ప్లాన్‌లో పార్కుగా చూపించి, ఆ ప్లాన్ చూపించే 60 మందికి ప్లాట్లు అమ్ముకున్నాక ఆ వాదన నిలబడటం చాలా కష్టం.

కాబట్టి కాలనీవాళ్ళ మీద ఇంజంక్షన్ దావా వేయకండి. కోర్టు ఫీజు దండగ. పైగా మీరు ఏడిపిస్తున్నారంటున్నవాళ్ళు తమ పిల్లలు ఆడుకునే స్థలాన్ని కాపాడుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. రేపు మీ కేసులో పనికొచ్చే సాక్షులూ వాళ్ళే. వెళ్ళి మాట్లాడండి. వాళ్ళ దగ్గరున్న ప్లాన్ కాపీ, అమ్మేటప్పుడు వాళ్ళకిచ్చిన బ్రోచర్ అడిగి తీసుకోండి.

ఒక మాట కఠినంగానే చెప్పాలి. స్కూలు ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం, బీచ్‌కి నడిచి వెళ్ళగలమా అన్నీ చూశారు. ఆర్నెల్లు తిరిగామన్నారు. అందులో ఒక్క పూట వీఎంఆర్‌డీఏ ఆఫీసుకు వెళ్ళి (2018లో వుడాయే అలా మారింది) ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) చెప్పి ఆమోదిత ప్లాన్ అడిగి ఉంటే 36 లక్షలు మిగిలేవి. ఏజెంటు ఇచ్చిన రంగుల బ్రోచర్‌నే ప్లాన్ అనుకున్నారు. చదువు చెప్పేవారు మీరు, ఇంత అజాగ్రత్త ఎలా చేశారమ్మా?

ఇక గడువు. మీరు దీన్ని అసలు పట్టించుకోలేదు, నాకు భయమంతా ఇక్కడే. పంచాయతీ నోటీసులో '18-1-2025న రాళ్ళు పాతుటకు ప్రయత్నించగా స్థానికులు ప్లాన్ చూపి అడ్డుకొనిరి' అని ఉంది. నోటీసు అందినట్టు మీ ఆయన సంతకం ఉంది. అంటే మోసం మీకు తెలిసిన రోజు కాగితం మీదికి ఎక్కింది. 'మొన్ననే తెలిసింది' అని ఎక్కడా చెప్పకండి, మొత్తం కేసు అబద్ధమైపోతుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ళు. ఆ తేదీ నుంచి లెక్కేస్తే 2027 జనవరి మధ్యతో సరి. సివిల్ కోర్టులో మోసం కారణంగా దావా వేయాలంటే తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు, 2028 జనవరి వరకు. అవతలి లాయరు ఊరుకోడు. 'ప్లాన్ అందరికీ అందుబాటులో ఉన్న కాగితం, కొన్న రోజే తెలుసుకోవచ్చు, లెక్క 2022 మార్చి నుంచే' అంటాడు. అందుకని ఫిర్యాదుతోపాటే ఆలస్యం మాఫీకి ఒక పిటిషన్ జతచేయాలి. సివిల్ దావాకైతే అలాంటి మాఫీ ఉండదు. లాయరు నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. పోలీసు కేసు పెట్టినా ఆగదు. 'వచ్చే నెల సెటిల్ చేస్తాం' అన్న ఫోన్ మాటతో అసలే ఆగదు.

నగదు 14 లక్షల సంగతి. డీడ్‌లో ఉన్నది 22 లక్షలే. కోర్టు ముందుగా చూసేది ఆ అంకెనే. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. జరిమానా తీసుకున్నవాడికే పడుతుంది గానీ, మీ డబ్బు ఎక్కడిదని మిమ్మల్నీ అడుగుతారు. నగలు అమ్మిన షాపు బిల్లు, బ్యాంకులోంచి డ్రా చేసిన ఎంట్రీ దొరికితే కొంత ఆధారం. 'మిగతా పద్నాలుగూ ముట్టాయి మేడమ్' అని ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్ ఉందన్నారు. ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ లేకుండా దాని కాపీని కోర్టు తీసుకోదు. ఆ సర్టిఫికెట్ మీ లాయరు రాయిస్తారు. ఇన్ని చేసినా పద్నాలుగు లక్షలూ పూర్తిగా వస్తాయని మాట ఇవ్వలేను. మిగతా 22 లక్షలకు కేసు గట్టిగానే ఉంది.

ఇప్పుడు ఏజెంటు చెప్పిన ఉపాయం. ఆ పని పొరపాటున కూడా చేయకండి. లోపం ఏమిటో మీకు తెలుసు, నోటీసు చేతిలో ఉంది. ఆ సంగతి దాచి కర్నూలు వాళ్ళకు అమ్మితే ఈసారి మోసం చేసినవారు మీరవుతారు. ఆస్తిలోని లోపాన్ని కొనేవాడికి చెప్పడం అమ్మేవాడి బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. దాచిపెట్టి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318 కింద చీటింగ్. డీడ్ మీద సంతకం మీది, ఏజెంటుది కాదు. గవర్నమెంటు టీచరైతే ఉద్యోగం మీదికీ వస్తుంది. అన్నిటికంటే ముందు, మీ అమ్మ నగల్లాంటివే ఇంకో తల్లి నగలు పోతాయి. రాత్రికి రాత్రి షెడ్డు వేసి ఇంటి పన్ను వేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా అన్నా వినకండి. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కూడా దారి కాదు. ఆమోదిత లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని అందులో క్రమబద్ధీకరించరు.

చేయాల్సింది ఇది. ఈ వారమే వీఎంఆర్‌డీఏకు, పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తులు పోస్టులో పంపండి. ధ్రువీకరించిన ప్లాన్ నకలు, ఫైనల్ లేఅవుట్ ఎప్పుడిచ్చారు, గిఫ్ట్ డీడ్ అయిందా, ఈ మూడు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది రాగానే సంస్థకు, సంతకం పెట్టిన భాగస్వామికి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ నోటీసు. ఆపైన వినియోగదారుల కమిషన్. రోడ్లు, కాలువలు, కరెంటు ఇస్తామని లేఅవుట్ వేసి అమ్మిన ప్లాటు 'సేవ' కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2012లో నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులో తేల్చింది. మీకున్న పెద్ద వెసులుబాటు ఏమిటంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. విశాఖకు రైలెక్కక్కర్లేదు, కడప జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపే కాబట్టి అక్కడే నడుస్తుంది. ఫీజు 1,000 రూపాయలు. డబ్బు వాపసు, వడ్డీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు, పరిహారం అన్నీ అడగండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) గురించి కూడా మీ లాయరుతో మాట్లాడండి. హక్కు లోపం వల్ల నష్టపోయినవారికి పరిహారం విషయంలో ఆ చట్టం 18(2) సెక్షన్‌కు కాలపరిమితి అడ్డు రాదు. కానీ లేఅవుట్ 2012ది. 2017 మే 1 నాటికే పూర్తయిందని సర్టిఫికెట్ ఉంటే రెరా వర్తించకపోవచ్చు. ఫైనల్ లేఅవుట్ తేదీ అడగమన్నది అందుకే. ఆ ఆశతో కమిషన్ గడువు దాటనివ్వకండి.

ఏ ఏరియా మంచిదని అడిగారు. మధురవాడా, కాపులుప్పాడా, భీమిలా అన్నది మీ ఆయన ఆఫీసును బట్టి మీరే తేల్చుకోండి. నేను చూసేది వేరు. మీ ప్లాటు నంబరు ఆమోదిత ప్లాన్‌లో అదే అంకెతో, తోక లేకుండా ఉండాలి. పార్కు, రోడ్లు స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ అయి ఉండాలి. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉండకూడదు. ఆ వైపు డి-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు కేటాయించినవి) ఎక్కువ, లింకు డాక్యుమెంట్లు మొదటి నుంచి చూపించుకోండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) ఆంక్షలు ఉంటాయి. బాల్కనీలోంచి అలలు కనిపిస్తాయని చెప్పే స్థలానికి ఆ మ్యాపు చూడకుండా రూపాయి ఇవ్వకండి.

ఏజెంటు చూపించిన కొత్త ప్లాటుకు అడ్వాన్సు ఆపేయండి. ఎల్‌పీ నంబరు, ప్లాన్ నకలు ఇవ్వమని వాట్సాప్‌లో రాసి అడగండి. అతను ఏం బదులిచ్చినా, ఇవ్వకపోయినా, ఆ చాట్ చెరిపేయకుండా ఉంచండి. మీ పాత కేసులో అదీ పనికొస్తుంది.