ఆదివాసీ భాషల పునరుద్ధరణలో మా అమ్మాయికి ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మేము అడిలైడ్‌లో స్థిరపడ్డాము. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంజనీరింగ్ వద్దని, భాషాశాస్త్రం చదివి ఇక్కడి ఆదివాసుల భాషల మీద పనిచేస్తానని పట్టుబడుతోంది. దానితో బతుకు గడుస్తుందా?

జవాబు: గడుస్తుంది, కానీ మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టు ఉద్యోగాలే ఎక్కువని ముందే తెలుసుకోవడం మంచిది. 1788 నాటికి ఆస్ట్రేలియాలో 250కి పైగా ఆదివాసీ భాషలుండగా, 2018–19 జాతీయ సర్వే ప్రకారం వాటిలో పిల్లలు ఇంట్లో సహజంగా నేర్చుకుంటున్నవి 12 మాత్రమే. కాబట్టి పనికి కొదవ లేదు.

మీరుంటున్న అడిలైడ్ కౌర్నా ప్రజల నేల. 19వ శతాబ్దంలోనే రోజువారీ వాడుక నుంచి తొలగిపోయిన వారి భాషను, ఇద్దరు జర్మన్ మిషనరీలు 1840లో అచ్చువేసిన వ్యాకరణ, పదకోశాల ఆధారంగా ఆ ప్రజలే మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. ఆ పుస్తకంలో లేని కంప్యూటరుకు, మెదడు, మెరుపు అనే రెండు పాత మాటలను కలిపి ‘ముకంటు’ అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు లిపిలో ఆ మాటను రాసేటప్పుడు ‘ఎన్’, ‘టి’ల ముందు ‘ఆర్’ చేరుస్తారు. నాలుక మడిచి పలకాలనడానికి అది గుర్తు. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారు తడబడే ఈ చోట, త–ట, న–ణ భేదాలు వింటూ పెరిగిన మీ అమ్మాయి చెవికి ఇబ్బంది ఉండదు.

అయితే ఒక విషయంలో నేను మొహమాటపడను. భాష వారిది, దానిని బోధించే ఉద్యోగాలు ముందుగా వారికే దక్కడం న్యాయం. బయటివారికి మిగిలేది, వారు పిలిచినప్పుడు, పెద్దల మాటలు రికార్డు చేయడం, విని రాసిపెట్టడం, పాత పత్రాలను వెదకడం, పాఠ్యసామగ్రికి, నిఘంటువులకు సాయపడటం. అందుకే భాషాశాస్త్రం ఒక్కటే చదివించవద్దు. ఉపాధ్యాయ శిక్షణో, ఆర్కైవుల నిర్వహణో, కంప్యూటర్ సైన్సో జోడిస్తే, కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఖాళీ వచ్చినా ఇంటి అద్దె డబ్బుకు తడుముకోనక్కరలేదు. కాన్‌బెర్రాలోని ఆదివాసీ అధ్యయనాల జాతీయ సంస్థ అయిన అయాట్సిస్ ప్రకటనలు ఒకసారి చూస్తే ఏ నైపుణ్యాలు అడుగుతున్నారో మీకే తెలుస్తుంది.

విశ్వవిద్యాలయ ప్రవేశాలు చూసే శాటాక్ సంస్థకు దరఖాస్తు నింపేలోపు ఒక పని చేయించండి. నాయనమ్మ చేత పది నిమిషాలు ఏదైనా కథ చెప్పించి, రికార్డు చేసి, దగ్గులూ తడబాట్లతో సహా పొల్లుపోకుండా రాయమనండి. ఒక పూటంతా పట్టవచ్చు. మర్నాడు తనంతట తానే రెండో కథ అడిగితే, భాషాశాస్త్రాన్నే మొదటి ఎంపికగా పెట్టండి.